యాంటీవైరస్ మాకు వినపడాలి

చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ నేర్పడం నా ఉద్యోగం. సికింద్రాబాద్‌లో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో చేరాను, అక్కడే రిటైరయ్యాను. నాకూ చూపు లేదు. కాలేజీకి వచ్చేసరికే ఉన్న కాస్తా పోయింది. మావాళ్ళది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం కోసం పద్మారావు నగర్ వచ్చి ఇక్కడివాళ్ళమే అయిపోయాం. పైడితల్లి అనే నా పేరు ఇక్కడ చాలామందికి కొత్త కావడంతో చిన్నా పెద్దా అందరికీ నేను మేడంనే.

ఇప్పుడు మా కేంద్రంలో కొత్తగా చేరిన టీచర్లు ఫోన్ చేసి, ఈ పనిలో ముందు ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. పాఠాలు ఎలా చెప్పాలో వాళ్ళకి నాకంటే బాగానే తెలుసు. కానీ పాఠం ఈ ఉద్యోగంలో సగమే. మిగతా సగం ఫోన్. మన దగ్గర నేర్చుకుని ఉద్యోగాల్లోకి వెళ్ళినవాళ్ళకి ఏ తేడా వచ్చినా మొదటి ఫోన్ మనకే వస్తుంది. అలా వచ్చిన వాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టినవి యాంటీవైరస్ గురించి వచ్చిన ఫోన్లు. ఆ సంగతే ఆ టీచర్ల కోసం రాస్తున్నాను.

మూగబోవడం అంటే

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాంని స్క్రీన్ రీడర్ అంటారు. మేం మౌస్ పట్టుకోం. కీబోర్డు నొక్కుతూ, అది చెప్పింది వింటూ పని చేసుకుంటాం. అది మాట్లాడుతున్నంతసేపు మాకు కంప్యూటర్ ఉన్నట్టు. ఆగిపోతే ఏం జరిగిందో తెలిసే దారి లేదు. యంత్రం ఆగిపోయిందా? స్పీకర్ పోయిందా? ఏదో ప్రశ్న అడిగి మన జవాబు కోసం ఎదురుచూస్తోందా? లోపలికి ఏదైనా చొరబడిందా? చూపున్నవాళ్ళు ఒక్కసారి తెర వైపు చూసి తేల్చుకుంటారు. మేం చేతులు కీబోర్డు మీద పెట్టుకుని అలాగే కూర్చుంటాం.

యాంటీవైరస్‌తో ఈ మూగబోవడం తరచుగా వస్తుంది. కొన్నిటికి అందమైన బొమ్మల బటన్లుంటాయి కానీ వాటికి పేర్లుండవు. స్క్రీన్ రీడర్ వాటి మీదికి వెళ్ళి "బటన్, బటన్, బటన్" అని ఊరుకుంటుంది. కొన్ని ఇంకో ప్రోగ్రాం తమ కిటికీలోకి, అంటే తెర మీది విండోలోకి, తొంగిచూడకుండా తలుపులు వేసుకుంటాయి. దొంగల కోసం వేసుకున్న ఆ తలుపులు మాకూ పడతాయి. కొన్నయితే స్క్రీన్ రీడర్నే వైరస్ అనుకుని పట్టుకుపోతాయి.

అంతా పచ్చగానే ఉంది

మా డైరెక్టర్ రామ్మోహన్ గారు మంచి మనిషి. ఆయన లేకపోతే ఆ కేంద్రం లేదు. చూపున్న మనిషి, మా కోసం ఎక్కడెక్కడో తిరిగి ఉద్యోగాలు అడిగేవారు. అయితే యంత్రాల విషయంలో మాత్రం కంటికి కనిపించిందే ఆయనకి రుజువు.

ఒక ఏడాది దాతలెవరో కొత్త ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. వాటితో పాటు ఒక యాంటీవైరస్ కూడా వేసి ఇచ్చారు. నేను తెరిచి చూస్తే ఒక్క బటన్‌కీ పేరు లేదు. స్కాన్ ఎలా చెయ్యాలో తెలియదు, ఏదైనా దొరికితే ఏమంటుందో తెలియదు. రామ్మోహన్ గారి దగ్గరికి వెళ్ళి ఇది మనకి పనికిరాదని చెప్పాను. ఆయన వచ్చి తెర చూసి, అంతా పచ్చగా ఉందమ్మా, టిక్ కూడా పెట్టి ఉంది, బాగానే పనిచేస్తోంది అన్నారు. అది వెనకాల తన పని తాను చేసుకుంటుంది, దాన్ని వినాల్సిన అవసరం మీకేముంది అని కూడా అడిగారు.

ఆయన అడిగింది మూర్ఖపు ప్రశ్న కాదు. చాలామంది తెలివైనవాళ్ళు అదే అడుగుతారు. పచ్చ రంగు ఎర్రగా మారిన రోజున మాకెవరు చెబుతారండీ అన్నాను. చివరికి ఆయనలో, ఇచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనన్న మొహమాటమే గెలిచింది. ల్యాప్‌టాప్‌లు అలాగే పిల్లల చేతుల్లోకి వెళ్ళాయి.

స్వరూప

వాటిలో ఒకటి స్వరూపకి వచ్చింది. రాంగోపాల్‌పేట్ అమ్మాయి, అక్కడ పాత కాపురం వాళ్ళది. తండ్రికి గాజుల దుకాణం. పుట్టుకతోనే చూపు లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత వేగంగా టైపు చేసినవాళ్ళు తక్కువ. స్క్రీన్ రీడర్ గొంతుని ఎంత వేగంగా పెట్టుకునేదంటే, పక్కవాళ్ళకి అది మాటలా ఉండేది కాదు, రేకు మీద వాన పడ్డట్టుండేది.

ఆసుపత్రులకి రిపోర్టులు రాసిపెట్టే కంపెనీలో ఉద్యోగం దొరికింది. డాక్టర్లు చెప్పిన మాటలు ఇంట్లోనే విని టైపు చేసి పంపాలి. ఆ కంపెనీ చూపు లేనివాళ్ళని తీసుకోవడం అదే మొదలు. ఆమె పని నచ్చి ఇంకో ఇద్దరు మన పిల్లల్ని ఇంటర్వ్యూకి పిలవడానికి సిద్ధంగా ఉన్నారు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకి స్వరూప నుంచి ఫోన్లు మొదలయ్యాయి. టైపు చేస్తుండగా ఉన్నట్టుండి కీలు పనిచేయడం మానేస్తున్నాయనీ, ఎస్కేప్ నొక్కితే మళ్ళీ వస్తున్నాయనీ చెప్పింది. ఏదో కిటికీ ముందుకొస్తోందని నాకు అర్థమైంది కానీ అది ఏమడుగుతోందో ఆమెకీ వినపడలేదు, ఫోన్లో నాకూ వినపడలేదు. ఇంట్లో ఎవరినైనా చదవమని అడిగాను. వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ గారికి ఇంగ్లీషు రాదు, తండ్రి దుకాణం నుంచి వచ్చేసరికి ఆ కిటికీ ఉండేది కాదు. ల్యాప్‌టాప్ ఆదివారం కేంద్రానికి తెమ్మన్నాను. ఆపద ఆదివారం దాకా ఆగలేదు.

ఆ మధ్యాహ్నం

నేను క్లాసులో ఉన్నాను. రాజేశ్వరమ్మ గారి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే స్వరూప. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

ఆమె చెప్పిందిది. ఏదో మందు పేరు సరిచూసుకుందామని ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే స్క్రీన్ రీడర్ స్పష్టంగా ఒక హెచ్చరిక చదివింది. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మీ ఫైళ్ళు పోతాయి, కంప్యూటర్ ఆపకండి, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. ఇన్నాళ్ళూ మూగగా ఏడిపించిన యాంటీవైరస్ ఇప్పటికి నోరు విప్పిందనుకుంది. అంత చక్కగా వినపడినదాన్ని అనుమానించాలని ఆమెకి తోచలేదు. తన ఫోన్ నుంచి ఆ నంబరుకి చేసింది. అవతలివాడు కంపెనీ ఇంజనీరునని చెప్పి, మర్యాదగా మాట్లాడి, ఒక ప్రోగ్రాం దింపించాడు. ఇప్పుడు వాడు ఆ ఫోన్ లైన్లో ఉంటూనే ల్యాప్‌టాప్‌ని అక్కడి నుంచి నడుపుతున్నాడు.

"వాయిస్ బంద్ చెయ్యమంటుండు మేడం. దాని వల్లనే స్లో అయితున్నదట. నేను బంద్ చెయ్యలే ఇంక. మీకు ఫోన్ చేద్దామని లోపలి రూంలకొచ్చిన."

ల్యాప్‌టాప్ దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళమన్నాను. తీసుకెళ్ళింది. అప్పుడు నేను విన్నది ఇవాళ్టికీ మరిచిపోలేను. ఎవరూ కీబోర్డు ముట్టుకోవడం లేదు. అయినా స్క్రీన్ రీడర్ మాట్లాడుతోంది. మౌస్ ఎక్కడికి వెళితే అక్కడున్నది చదివే అలవాటు దానికుంది. వాడు మౌస్ కదిపిన ప్రతిచోటునీ అది మాకు చెబుతోంది. డౌన్‌లోడ్స్. డాక్యుమెంట్స్. ఆపైన రిపోర్ట్స్ అనే ఫోల్డర్. దాని మీద ఆగింది. లోపలికి వెళ్ళింది. రోగుల పేర్లు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది.

"స్వరూపా, గొంతు ఆపకు. వాడేమన్నా సరే ఆపకు. ఇంటర్నెట్ డబ్బా ఎక్కడుంది?"

ఆమెకి తెలియదు. దాన్ని బిగించిన రోజు ఆమె ఇంట్లో లేదు. ఫోన్ వాళ్ళమ్మకిమ్మన్నాను. ఇంటర్నెట్ వచ్చే డబ్బా స్విచ్ తీసెయ్యమని రాజేశ్వరమ్మ గారిని అడిగాను. ఆవిడ పరుగున వెళ్ళి ఏదో తీశారు. పక్క గదిలో టీవీ ఆగింది. స్క్రీన్ రీడర్ ఆగలేదు. పేర్లు వస్తూనే ఉన్నాయి. ఇటు స్వరూప ఫోన్లో ఆ మనిషి, వాయిస్ ఎందుకు ఆపలేదని గొంతు పెంచడం నాకు వినపడుతోంది.

"గా డబ్బా అల్మారా మీద పెట్టిండ్రు మేడం, నాకు అందదు," అన్నారు ఆవిడ, ఏడుపు గొంతుతో.

మీటర్ దగ్గరికెళ్ళి ఇల్లంతటికీ కరెంటు తీసెయ్యమన్నాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, ఇంటర్నెట్ డబ్బా నడవదు. ఆవిడ తీశారు. ఫ్యాన్ చప్పుడు మెల్లగా తగ్గి ఆగింది. ఒక పేరు సగం చదివి స్క్రీన్ రీడర్ ఆగిపోయింది. తర్వాత, కనెక్షన్ తెగిపోయిందని చెప్పింది.

తన ఫోన్ కూడా పెట్టేసి, మళ్ళీ మోగితే ఎత్తొద్దని స్వరూపకి చెప్పాను. అది మోగుతూనే ఉంది. క్లాసు మధ్యలో వదిలేసి, ఆటో ఎక్కి రాంగోపాల్‌పేట్ వెళ్ళాను. కరెంటు మళ్ళీ వేసుకోవడానికి కూడా భయపడి తల్లీకూతుళ్ళు ఉక్కలో కూర్చుని ఉన్నారు.

చెప్పాలా, వద్దా

ఆమెకి ఆ సాయంత్రం ఒకటే బెంగ. రోగుల పేర్లు, జబ్బులు వాడి చేతికి వెళ్ళాయా? వెళ్ళాయని తెలియదు, వెళ్ళలేదనీ తెలియదు. కంపెనీకి చెప్పాలా?

రామ్మోహన్ గారికి నేనే చెప్పాను. ఇప్పుడే చెప్పొద్దు అన్నారు ఆయన. ముందు మనం ల్యాప్‌టాప్ శుభ్రం చేయించి చూద్దాం, ఏమీ పోలేదని తేలితే చెప్పాల్సిన పనే లేదు అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. చూపున్న గుమాస్తా మోసపోతే ఆ గుమాస్తా అజాగ్రత్త మనిషి అంటారు. చూపు లేని అమ్మాయి మోసపోతే చూపు లేనివాళ్ళకి ఈ పని చేతకాదంటారు. ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన ఇద్దరు పిల్లలూ ఆయన కళ్ళ ముందున్నారు.

ఆయన చెప్పింది తప్పని ఆ రోజు నేను గట్టిగానే అన్నాను. ఆయన భయం మాత్రం అబద్ధం కాదని ఇవాళ కూడా అంటాను. ఈ ఉద్యోగంలో మీరు ఒక్క మనిషి తరఫున మాట్లాడుతున్నా, అందరి తరఫునా లెక్కకొస్తారు. ఆ బరువు తప్పదు.

మేమిద్దరం వాదించుకుంటుండగానే స్వరూప ఫోన్ చేసి, కంపెనీకి తనే చెప్పేశానంది. ఎవర్నీ అడగలేదు.

"నా పేరైతే ఊకుందును మేడం. అవి వాళ్ళ పేర్లు. ఎవరికేం రోగమున్నదో నాకు తెల్వడమే ఎక్కువ."

కంపెనీ ల్యాప్‌టాప్ తెప్పించుకుంది. ఆమె పని నిలిపేసింది. ఇద్దరి ఇంటర్వ్యూలూ వాయిదా వేసింది. ఆ తర్వాత వారాల తరబడి ఏ కబురూ లేదు. స్వరూప ఇంట్లో కూర్చుంది. ఏమైనా తెలిసిందా మేడం అని రోజూ ఫోన్. ఇంక ఈ కంప్యూటర్లు వద్దు, దుకాణంలో కూర్చోమని వాళ్ళమ్మ అంటున్నారు. వాయిదా పడిన ఇద్దరిలో ఒకడి తండ్రి మా కేంద్రానికే వచ్చి, ఆ అమ్మాయి నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని రామ్మోహన్ గారిని నిలదీశాడు. నేను పక్క గదిలో విన్నాను. ఆయన స్వరూపని ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయి సరిగ్గానే చేసిందండీ, నేనే వద్దన్నాను అని చెప్పి పంపించారు. మర్నాడు తనే ఆ కంపెనీకి వెళ్ళి, జరిగింది చూపు లేకపోవడం వల్ల కాదు, మేమిచ్చిన సాఫ్ట్‌వేర్ వల్ల అని చెప్పి వచ్చారు. పైవాళ్ళ గురించి మీరు తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దని చెప్పడానికే ఇది రాశాను.

ఖలీల్‌తో కూర్చున్న రోజులు

చివరికి ఆ కంపెనీలో సిస్టమ్స్ చూసే ఖలీల్ ఫోన్ చేశాడు. ఆ మనిషి ఫోల్డర్ తెరిచాడనీ, ఫైళ్ళు బయటికి వెళ్ళిన జాడ మాత్రం కనపడలేదనీ చెప్పాడు. పూర్తిగా హామీ ఇవ్వలేనని కూడా అన్నాడు. ఆసుపత్రికి కంపెనీ ఆ మాటే ఉన్నదున్నట్టు తెలియజేసింది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ యాంటీవైరస్ తెర ఎర్రగా మారి చాలా రోజులైందట. కొత్త వెర్షన్ వేసుకోనా అని అడుగుతూ అది రోజూ ముందుకొచ్చేది. ఏమడుగుతోందో వినపడక స్వరూప ఎస్కేప్ నొక్కేది. చివరికి అది కాపలా మానేసింది. నిజమైన హెచ్చరికకి నోరు లేదు, దొంగ హెచ్చరిక మాత్రం చక్కగా మాట్లాడింది.

స్వరూపని మళ్ళీ తీసుకోవాలంటే ఆమెకి వినపడే యాంటీవైరస్ ఏదో తేల్చమని కంపెనీ ఖలీల్‌కి చెప్పింది. అతను నా సాయం అడిగాడు. మా కేంద్రంలోనే కూర్చున్నాం. మొదటిరోజే వాళ్ళ ఆఫీసులో వాడే యాంటీవైరస్ వేశాడు. వేసిన కాసేపటికి స్క్రీన్ రీడర్ మూగబోయింది.

"మీ సాఫ్ట్‌వేర్‌ని మాది దొంగ అనుకుంటున్నది మేడం. దాని తప్పు సుత కాదు. దొంగ ప్రోగ్రాం ఏం చేస్తది, మీరు నొక్కిన కీలు చూస్తది, వేరే కిటికీలల్ల ఉన్నది చదువుతది. మీది సుత గదే పని చేస్తది."

అన్నేళ్ళలో నాకు ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. స్క్రీన్ రీడర్‌ని నమ్మకస్తుల జాబితాలో చేర్చి చూశాం. మాట వచ్చింది కానీ యాంటీవైరస్ కిటికీలో బటన్లకి పేర్లు లేవు. దాన్ని తీసేశాం. ఇంకొకటి పేర్లన్నీ చక్కగా చదివింది, కానీ బ్యాంకు పనులకి అది తెరిచే ప్రత్యేక కిటికీలో స్క్రీన్ రీడర్‌ని అడుగుపెట్టనివ్వలేదు. మరొకటి అన్నిటా బాగుంది, అయితే దాని హెచ్చరిక తెర మూలన క్షణం మెరిసి మాయమయ్యేది, మేం వినేలోపే.

మీరు చూడాల్సింది ఇదే. ప్రకటన చదివి ఎంచుకోవద్దు. మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే దాన్ని వేయండి. స్కాన్ చేయండి. పరీక్ష కోసమే తయారుచేసిన హాని లేని ఫైలు ఒకటి దొరుకుతుంది, దాన్ని లోపలికి తెచ్చి, హెచ్చరిక వినపడుతుందా, దానికి జవాబు మీ చేతులతో ఇవ్వగలరా చూడండి. తర్వాత తీసెయ్యగలరో లేదో కూడా చూడండి. కొన్ని రావడం సులువు, పోవడం కష్టం. ఇవన్నీ చూపు లేని మనిషే చేయాలి. పక్కన చూపున్న మనిషి ఉండాలి, తెర మీద ఏముందో చెప్పడానికి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పరీక్ష సగమే.

చివరికి మేం ఎంచుకున్నది కంప్యూటర్‌తో పాటే వచ్చే మామూలు రక్షణ. దానికి హంగులు లేవు. బటన్లకి పేర్లున్నాయి, హెచ్చరిక వినపడింది, వినకుండా దాటిపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ వినే వీలుంది. దాన్ని దూరం నుంచి కూడా గమనిస్తానని ఖలీల్ చెప్పాడు. అందరికీ అదే మంచిదని నేను చెప్పడం లేదు. ఆ రోజుకి, ఆ యంత్రానికి, ఆ అమ్మాయికి అది సరిపోయింది.

తర్వాత

స్వరూపని మళ్ళీ తీసుకున్నారు. మొదట్లో మాత్రం రోగుల రిపోర్టులు ఇవ్వలేదు, మామూలు ఉత్తరాలే ఇచ్చారు. అది ఆమెకి అవమానంగా అనిపించింది, నాతో చెప్పుకుని బాధపడింది. రిపోర్టులు మళ్ళీ చేతికి రావడానికి చాలా నెలలు పట్టింది. వాయిదా పడిన ఇద్దరిలో ఒకడికి ఆ ఉద్యోగం వచ్చింది. రెండోవాడిని మళ్ళీ పిలవలేదు. అతను ఇంకోచోట కుదురుకున్నాడు కానీ మా కేంద్రానికి రావడం మానేశాడు. మిగిలిన ల్యాప్‌టాప్‌లన్నీ రామ్మోహన్ గారు వెనక్కి తెప్పించి, నా చేత ఒక్కొక్కటీ సరిచేయించారు.

ఈ పనిలో ఒకసారి ఎంచుకుంటే అయిపోయిందన్నది ఉండదు. నిన్న మాట్లాడిన కిటికీ ఇవాళ కొత్త వెర్షన్ రాగానే మూగబోతుంది. రిటైరయ్యాక కూడా, కొత్త వెర్షన్ వచ్చిందని వింటే ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. ఎవరి కంప్యూటర్ ఎక్కడ ఆగిపోయిందో, ఎవరు వినపడనిదానికి ఏం నొక్కారో అని.

మొన్న మేం ఎంచుకున్న ఆ రక్షణకే కొత్త వెర్షన్ ఒకటి వచ్చింది. ఎవరెవరికి ఫోన్ చేయాలా అనుకుంటుండగా స్వరూపే ఫోన్ చేసింది. పక్కన వాళ్ళ నాన్నని కూర్చోబెట్టుకుని, పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని వేసి చూసిందట. హెచ్చరిక వినపడుతోంది కానీ, ఫైలుని ఏం చేయాలని అడిగేచోట ఒక బటన్‌కి పేరు లేదట. అందరూ కొన్నాళ్ళు ఆగితే మంచిదని మా పాత విద్యార్థులకి అప్పటికే ఫోన్లు చేసేసింది. ఖలీల్‌కీ చెప్పింది.

ఆ పరీక్ష ఫైలు లోపలికి తెచ్చినప్పుడు నీకు భయం వెయ్యలేదా అని అడిగాను.

"భయమైంది మేడం," అంది. "భయపడుకుంటనే అన్ని చూసిన."